ఆచారం కథలు, ఎదిగే పిల్లలు

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఎటువంటి చారిత్రక నవలలు ఇవ్వాలన్న ప్రశ్న మన సాహిత్య చర్చల్లోకి రావడం అరుదు. బాలసాహిత్యమంటే పంచతంత్రం దగ్గర ఆగిపోతాం. ఆ మెట్టు దాటిన పిల్లను ఒక్కసారిగా పెద్దల నవలల్లోకి తోసేస్తాం. నడుమ ఉన్న మూడు నాలుగేళ్ళను ఎవరూ పట్టించుకోరు. మనిషి తన ఇంటినీ, తన కులాన్నీ, తన దేవుణ్ణీ మొదటిసారి ప్రశ్నించుకునే వయస్సు అదేనన్న సంగతి మరిచిపోతాం.

తిరుపతికి దగ్గరలో ఒక పాఠశాల వారు తమ గ్రంథాలయానికి పుస్తకాలు ఎంపిక చేసిపెట్టమని అడిగితే వెళ్ళాను. జాబితా రాయడానికి ముందు ఆ పిల్లలతో ఒక గంట మాట్లాడదామనిపించి తరిగొండ వెంగమాంబ కథ చెప్పాను. బాల్యంలోనే పెళ్ళి, పసితనంలోనే వైధవ్యం, తల గొరిగించుకోవాలన్న పెద్దల ఒత్తిడి, ఆమె ఒప్పుకోకపోవడం, ఊరి నింద, చివరకు తిరుమల చేరడం. చెప్పడం బాగానే సాగిందనుకున్నాను. ఇంతలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “సార్, ఆమెను తిట్టినోళ్ళంతా చెడ్డోళ్ళేనా?” అని అడిగింది. అవునమ్మా అన్నాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. “మా చిన్నాయన పోయినాక మా చిన్నమ్మను బొట్టు పెట్టుకోవద్దనింది మా అవ్వే సార్. పెండ్లిండ్లలో ముందుకు రానీదు. మా అవ్వ చెడ్డది కాదు సార్. నాకు జ్వరమొస్తే రాత్రంతా నిద్ర పోకుండా కూర్చుంటాది.”

నాకు వెంటనే జవాబు తోచలేదు. గంట కొట్టారు గనుక బయటపడ్డాను. ఆ అమ్మాయి అడిగింది ఒక ఇంటి సంగతిలా కనిపిస్తుంది గాని, చారిత్రక నవలల ఎంపికకు సంబంధించిన అసలు సమస్య అందులోనే ఉన్నది. కఠినమైన మతాచారంతో బతికిన ఒక సమాజాన్ని పిల్లలకు చూపించేటప్పుడు, ఆ ఆచారాన్ని నడిపిన మనుషుల్ని ఏ రూపంలో నిలబెట్టాలి?

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లీషులో పెద్దపిల్లల కోసం వచ్చిన చారిత్రక నవలల్లో ప్యూరిటన్ల జీవితం మీద రాసినవాటికి ప్రత్యేకమైన స్థానం ఉన్నది. చర్చిలో మిగిలిన ఆడంబరాన్నంతా కడిగి పారేయాలని పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇంగ్లండులో పట్టుబట్టిన ప్రొటెస్టెంట్లు ప్యూరిటన్లు. 1630 నుంచి వారు వేల సంఖ్యలో అమెరికా తూర్పు తీరానికి వెళ్ళి మసాచుసెట్సులో వలస కట్టుకున్నారు. మన ప్రాంతానికీ వారు బొత్తిగా పరాయివారు కారు. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్ అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందినది. ఆ చర్చి కూడా కాల్విన్ బోధనల నుంచి పుట్టినదే, అంటే మతవంశంలో ప్యూరిటన్లకు దాయాది. మదనపల్లెలో జేకబ్ చేంబర్లెన్ దశాబ్దాల పాటు వైద్యమూ మతప్రచారమూ చేసింది ఆ మిషన్ తరఫునే. ప్యూరిటన్ అయిన జాన్ బన్యన్ రాసిన యాత్రికుని కథ తెలుగులోకి వచ్చి క్రైస్తవ కుటుంబాల్లో తరతరాలుగా చదవబడింది.

ప్యూరిటన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1692 నాటి సేలం. ఆ ఊళ్ళో కొందరు ఆడపిల్లలు తమకు చేతబడి జరిగిందన్నారు. నూటయాభై మందికి పైగా నిందితులయ్యారు. పంతొమ్మిది మందిని ఉరితీశారు. విచారణకు ఒప్పుకోని ఒక ముసలివాణ్ణి మీద బండరాళ్ళు పేర్చి చంపారు. ఇది నిజం. ఐతే ఇంకొక నిజం కూడా ఉన్నది. ఆ మసాచుసెట్సులోనే, వలస కట్టిన ఆరేళ్ళకే, 1636లో హార్వర్డు కళాశాలకు పునాది పడింది. యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ పిల్లలకు చదువు చెప్పే పంతుల్ని పెట్టుకోవాలని 1647లో చట్టం చేశారు. ఇంగ్లండులో 1649లో రాజును న్యాయస్థానానికి ఈడ్చి శిరచ్ఛేదం చేసిన విప్లవంలో ముందు నిలిచినవారిలో ప్యూరిటన్లు ఉన్నారు. ఆ విప్లవపు వేడిలోనే, అదే సంవత్సరం, జెరార్డ్ విన్‌స్టన్లీ అనుచరులు భూమి అందరిదీ అంటూ సర్రే ప్రాంతంలో బంజరు తవ్వి పంట వేశారు. మంత్రగత్తెలని మనుషుల్ని ఉరితీసిన చేతులు, బడి పెట్టిన చేతులు వేరువేరు జాతులవి కావు. పిల్లలకిచ్చే నవల ఈ రెండింటినీ ఒకే మనిషిలో చూపగలగాలి. చూపలేకపోతే అది చరిత్ర కాదు, దిష్టిబొమ్మ.

మన అభ్యుదయ రచయితలు తరచుగా మెచ్చుకునే నాటకం ఒకటి ఇక్కడ తలచుకోవాలి. ఆర్థర్ మిల్లర్ 1953లో సేలం విచారణలను వస్తువుగా తీసుకొని ‘ది క్రూసిబుల్’ రాశాడు. కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషుల్ని వేటాడుతున్న ఆనాటి అమెరికా ప్రభుత్వం మీద గురిపెట్టిన నాటకమది. 1956లో మిల్లర్‌నే విచారణ సంఘం ముందుకు పిలిచారు. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయలేం. ఐతే చరిత్రలో అబిగైల్ విలియమ్స్ పదకొండు, పన్నెండేళ్ళ పిల్ల. జాన్ ప్రాక్టర్ అరవై ఏళ్ళవాడు. మిల్లర్ ఆ పిల్ల వయస్సు పెంచి, ఆయన వయస్సు తగ్గించి, ఇద్దరికీ నడుమ ఒక సంబంధం కల్పించాడు. ఫలితమేమిటి? అధికారం మీద ఎక్కుపెట్టిన నాటకంలో నేరభారం సగం వచ్చి, మోజు తీరని ఒక పనిపిల్ల నెత్తిన పడింది. పెద్దలు ఈ మార్పును గుర్తుపట్టి నాటకాన్ని నాటకంగా చూస్తారు. పధ్నాలుగేళ్ళ పిల్ల దాన్నే చరిత్రగా నమ్ముతుంది. ఆశయం మనదే కదా అని ఈ తేడాను వదిలేయకూడదు.

పిల్లల కోసమే రాసిన నవల మరొకటి చూద్దాం. ఎలిజబెత్ జార్జ్ స్పియర్ 1958లో ప్రచురించిన ‘ది విచ్ ఆఫ్ బ్లాక్‌బర్డ్ పాండ్’ మరుసటి ఏడు న్యూబెరీ పతకం పొందింది. 1687లో బార్బడోస్ ద్వీపం నుంచి కిట్ అనే అమ్మాయి కనెక్టికట్‌లోని ప్యూరిటన్ బంధువుల ఇంటికి వస్తుంది. ఈత కొడుతుంది, పట్టుబట్టలు కడుతుంది, ఊరంతా వెలివేసిన క్వేకరు ముసలమ్మతో స్నేహం చేస్తుంది. చివరకు మంత్రగత్తె అన్న నింద మోస్తుంది. ఇందులో గొప్ప గుణం ఒకటి ఉంది. కఠినుడిగా కనిపించే పినతండ్రి అనదగిన ఆ ఇంటి యజమాని, కిట్‌ను ఎన్నడూ మెచ్చనివాడు, ఆపద వచ్చినప్పుడు గడపకు అడ్డం నిలబడతాడు. నియమమూ న్యాయబుద్ధీ ఒకే మనిషిలో ఉండవచ్చునని పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది.

కాని అదే నవలలో ఒక లోపమున్నది. కిట్ తన ఓడ ఖర్చుకు డబ్బు ఎట్లా తెచ్చుకున్నది? తన వెంట పెరిగిన బానిస పిల్లను అమ్మి. ఆమె పట్టుబట్టలు తాతగారి చెరకు తోటల్లో బానిసల చెమటతో వచ్చినవి. రచయిత్రి ఆ సంగతి చెప్పి పక్కకు తప్పుకుంటుంది. స్వేచ్ఛకు ప్రతినిధిగా నిలిచిన అమ్మాయి స్వేచ్ఛ ఎవరిని అమ్మగా వచ్చినదో కథ నిలదీయదు. సరిగ్గా ఆ ఖాళీని నింపినట్టుగా, 1964లో నల్లజాతి రచయిత్రి ఆన్ పెట్రీ ‘టిటుబా ఆఫ్ సేలం విలేజ్’ రాసింది. సేలంలో మొదట నింద పడిన ముగ్గురిలో ఒకతె టిటుబా. పాదిరీ ఇంట్లో బానిస. పొయ్యి దగ్గర నిలబడి చూసిన సేలం వేరుగా ఉంటుంది. నన్నడిగితే ఈ రెండు నవలలనూ ఒకే పిల్లకు, ఒకదాని వెంట ఒకటి ఇవ్వాలి. ఏ ఒక్కటీ చాలదు.

ఇక మన ఇంటికి వద్దాం. తెలుగులో చారిత్రక నవలలకు కొరత లేదు. అడివి బాపిరాజు ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ పెద్దపిల్లలు ఇష్టంగా చదివినవే. కాని అవి ప్రధానంగా రాజ్యాల కథలు. కోట గోడల చరిత్ర మనకు దొరికినంతగా గడప లోపలి చరిత్ర దొరకదు. ఒక అగ్రహారంలో తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు మడి ఎట్లా నడిచింది, వెలి అంటే ఏమిటి, పదేళ్ళ పిల్ల వితంతువైతే ఆ ఇంట్లో మరునాడు ఏం మారింది, ఇవి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పిన నవలలు వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా వెతుక్కోవాలి.

వెంగమాంబ కథ అందుకు తగిన వస్తువు. 1730లో, పాత చిత్తూరు జిల్లాలో గుర్రంకొండ పక్కనున్న తరిగొండలో పుట్టినట్టు చెబుతారు. 1817 వరకు బతికింది. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, వాసిష్ఠ రామాయణం రాసింది. ఇంత విద్వత్తు గల స్త్రీ జీవితం మన పిల్లలకు చేరే రూపం మాత్రం రెండే రెండు విధాలు. ఒకటి మహిమల కథ. గొరిగించిన జుట్టు మళ్ళీ వెంటనే మొలిచిందనీ, ఆమె నమస్కరించేసరికి పీఠాధిపతి దిగిన ఆసనం భగ్గున మండిందనీ చెప్పుకుంటారు. రెండోది, ఈమధ్య మనవాళ్ళు చెప్పే తిరుగుబాటు కథ. అందులో ఆమె మన మహిళా సభల్లో మాట్లాడే భాషలో పురుషాధిక్యాన్ని ఖండిస్తుంది.

రెండూ పిల్లలకు అన్యాయం చేస్తాయి. జుట్టు దేవుడే మొలిపించాడంటే ఆ పిల్ల చూపిన తెగువకు విలువ లేకుండా పోతుంది. మహిమ చేయగలిగినవాళ్ళకే ఎదిరించే హక్కు ఉన్నదన్న పాఠం మిగులుతుంది. తరగతిలో కూర్చున్న మామూలు పిల్లకు మహిమలు రావు గదా. అటు రెండో కథ, ఆమె నోట ఎన్నడూ రాని మాటలు పెడుతుంది. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకు చావు లేదు, కనుక నేను వితంతువును కాను అన్నది ఆమె నిలబడ్డ నేల. వైధవ్య నియమాన్ని ఆమె సూత్రంగా ఖండించలేదు. ఆ నియమం తనకు వర్తించదని, ఆ నియమాన్ని పెట్టినవారి దేవుణ్ణే సాక్షిగా నిలబెట్టి వాదించింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒంటరి ఆడదానికి దొరికిన ఆయుధం భక్తి. ఆ ఆయుధం ఎంత పదునైనదో, ఎక్కడ మొండిదో చూపడమే చారిత్రక దృష్టి. తన ఒక్కదాని దారి తెరుచుకున్నది. మిగిలిన వితంతువుల తలలు గొరుగుతూనే ఉన్నారు. హిందూ వితంతువుల పునర్వివాహ చట్టం రావడానికి 1856 దాకా ఆగవలసివచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినది 1881లో.

తిరుపతి పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఇంకొక చిక్కు ఉంటుంది. గుండు కనిపించని రోజు వారికి లేదు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ మొక్కు తీర్చుకుని కల్యాణకట్ట నుంచి నవ్వుతూ వస్తారు. ఆ పిల్లలకు గుండు అంటే సంతోషం. వెంగమాంబ దానికి ఎందుకు ఒప్పుకోలేదో వారికి అర్థం కాదు. అదే కత్తి, అదే తల. ఒకచోట మొక్కు, ఒకచోట శిక్ష. మొక్కిన తలకు జుట్టు మళ్ళీ పెరుగుతుంది. వితంతువు తలకు పెరిగినప్పుడల్లా కత్తి పడుతుంది, బతికినన్నాళ్ళూ. ఒక చర్య మంచిదా చెడ్డదా అన్నది ఆ చర్యలో లేదు, ఎవరి ఇష్టంతో జరుగుతున్నదన్న దానిలో ఉన్నది. ఈ నీతిని ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. మంచి నవల చెప్పగలదు.

మరి ఆమెను నిందించిన ఊరి సంగతేమిటి? ఇక్కడ నవలాకారుడు ఆర్థిక పునాదిని చూపక తప్పదు. మాన్యం భూమి మీద, పౌరోహిత్యం మీద, నలుగురి పిలుపుల మీద బతికే కుటుంబానికి వెలి అంటే మాటల్లో నింద కాదు. బావి దగ్గర నీళ్ళు ఉండవు. పక్కింటి నుంచి నిప్పు రాదు. క్షురకుడు రాడు, బట్టలు ఉతికేవారు రారు. శవం లేస్తే మోసే నలుగురు దొరకరు. మిగిలిన ఆడపిల్లలకు సంబంధాలు రావు. ఒక పిల్ల జుట్టు కోసం ఇంటిల్లిపాదీ ఈ మూల్యం చెల్లించాలి. భయపడినవాళ్ళు రాక్షసులు కారు. బతుకుతెరువు పోతుందని వణికిన మామూలు మనుషులు. ఆ భయంతోనే, నిష్ఠ అనే పేరు పెట్టుకుని, తమకన్నా దిక్కులేని పసిపిల్ల మీద కత్తి ఎత్తారు. ఇది చూపితే పిల్లలకు మనుషుల మీద ద్వేషం కలగదు. ఆ ఏర్పాటు మీద కలుగుతుంది.

అగ్రహారం కథ రాసేటప్పుడు టిటుబా పాఠం కూడా మరవరాదు. ఆ మాన్యాల్లో నాగలి పట్టినదెవరు? ఆ ఇళ్ళ వడ్లు దంచినదెవరు? ఈ కఠిన వైధవ్యం ప్రధానంగా పై కులాల ఆచారం. కష్టం చేసుకుని బతికే అనేక కులాల్లో మారుమనువు ఉండేది. ఆ స్త్రీలకు మరొక విధమైన హింస ఉండేది. వారు ఒక్క పుటలోనైనా మనుషులుగా కనిపించని నవల, ఎంత కన్నీరు పెట్టించినా, కిట్ పట్టుబట్టల వంటిదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. నిందించినవారి భయాన్ని ఇంత సానుభూతితో వివరిస్తే నేరం పలచబడదా? ‘ఆ కాలం అట్లాంటిది’ అని తప్పించుకోవడానికి పిల్లలకు మనమే దారి చూపినట్టు కాదా? ఈ ఆక్షేపణ బలమైనది. మన మిత్రులు కొందరు, పిల్లలకు నలుపూ తెలుపూ స్పష్టంగా చూపండి, ఛాయలు పెద్దయ్యాక చూసుకుంటారు అంటారు.

నేను ఒప్పుకోను. ‘అందరూ చెడ్డవాళ్ళే’ అన్న మాట ఎంత అబద్ధమో, ‘కాలం అట్లాంటిది’ అన్న మాట కూడా అంతే అబద్ధం. రెండో అబద్ధానికి జవాబు చరిత్రలోనే ఉన్నది. సేలంలో శిక్షలు వేసిన న్యాయమూర్తుల్లో శామ్యూల్ సీవాల్ ఒకడు. 1697లో బోస్టన్ చర్చిలో, తన తప్పును ఒప్పుకుంటూ రాసిన కాగితాన్ని పాదిరీ అందరి ముందూ చదువుతుంటే, లేచి తల వంచి నిలబడ్డాడు. ఆయన ఆ కాలపువాడే, ఆ మతంవాడే. అదే బైబిలు చదివి తప్పు తెలుసుకున్నాడు. అంటే తెలుసుకోవడం ఆ కాలంలో సాధ్యమే. తరిగొండలోనూ అంతే. ఒక పిల్లను ఊరు తిట్టినప్పుడు, సుబ్రహ్మణ్య దేశికుడనే గురువు ఆమెకు యోగవిద్య నేర్పాడని చెబుతారు. ఊరంతా ఒక్క గొంతుతో మాట్లాడలేదు. ఏ కాలమూ ఒక్క గొంతుతో మాట్లాడదు. ఆ రెండో గొంతును వినిపించిన నవలే భయాన్ని వివరిస్తూ కూడా నేరాన్ని నేరంగా నిలబెట్టగలదు.

మహిమల కథలను కూడా ఈ వెలుగులో చూడవచ్చును. జుట్టు మొలిచిందన్న కథను కల్పించుకున్నదెవరు? జనం. దాన్ని తరతరాలుగా చెప్పుకున్నది ఎందుకు? ఆమె పక్షాన దేవుడున్నాడని చెప్పుకోవడం ద్వారా, అప్పుడు తాము నిలబడలేకపోయిన చోట తర్వాత నిలబడ్డారు. సీవాల్ క్షమాపణ కాగితం మీద ఉన్నది. మన జనం క్షమాపణ మహిమ రూపంలో ఉన్నది. తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాల హారతి పడుతున్నది. 2011లో కొండ మీద నిత్యాన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఊరు తరిమినదాన్ని దేవాలయం నెత్తిన పెట్టుకున్నది. తరిమిన సంగతి మాత్రం ఆ భవనంలో భోజనం చేసే పిల్లకు ఎవరూ చెప్పరు. చెప్పవలసినది సాహిత్యం.

అటువంటి నవల వచ్చేదాకా పదో తరగతి పిల్లల చేతికి నేను ‘కన్యాశుల్కం’ ఇస్తాను. 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన ఆ నాటకం రాసినప్పుడు సమకాలీనం, మనకిప్పుడు చరిత్ర. పసిపిల్లను ముసలివాడికి అమ్మజూపిన అగ్నిహోత్రావధానులు మనకు అసహ్యం పుట్టించడు, నవ్వు పుట్టిస్తాడు, ఒక్కోచోట జాలి కూడా. సంస్కరణ గురించి గొంతు చించుకునే గిరీశమేమో మోసగాడు. మంచి మాటలు చెప్పేవాళ్ళంతా మంచివాళ్ళు కారన్న సంగతి మన పక్షం పిల్లలు మరీ ముందుగా తెలుసుకోవాలి.

పిల్లలకు ఇంత బరువెందుకు అనేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. సేలం విచారణలలో 1693లో మరణశిక్ష పడి, అమలు కాకుండా బతికి బయటపడిన ఎలిజబెత్ జాన్సన్ అనే యువతి ఉన్నది. తర్వాతి కాలంలో మిగిలినవారి పేర్ల మీది మచ్చలు చట్టం ద్వారా తుడిచారు గాని, ఈమె పేరు జాబితాల్లోకి రాకుండా ఉండిపోయింది. మసాచుసెట్సులోని నార్త్ ఆండోవర్ ఎనిమిదో తరగతి పిల్లలు ఆ సంగతి పట్టుకుని శాసనసభ దాకా తీసుకువెళ్ళారు. 2022లో ఆమె నిర్దోషి అని చట్టం వచ్చింది. మూడువందల ఇరవైతొమ్మిది సంవత్సరాలు పెద్దలకు కనిపించని పేరు పదమూడేళ్ళవాళ్ళకు కనిపించింది. బరువు మోయలేనిది పిల్లలు కాదు.

నెల తర్వాత ఆ పాఠశాలకు పుస్తకాల జాబితా ఇవ్వడానికి మళ్ళీ వెళ్ళాను. ఆ అమ్మాయిని పిలిచి, నాకు తోచిన జవాబు చెప్పాను. మీ అవ్వ చెడ్డది కాదు. ఆమె చేస్తున్నది తప్పు. ఆమె చిన్నప్పుడు ఎవరికి భయపడి ఈ నియమం నేర్చుకున్నదో అడుగు. అడిగి ఊరుకోవద్దు, మీ చిన్నమ్మకు ఏం కావాలో కూడా అడుగు. ఆ అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, “చిన్నమ్మను ఎవురూ అడగలేదు సార్” అన్నది.

మన ప్రాంతంలో కలం పట్టినవారెవరైనా ఆ మాట దగ్గర మొదలుపెట్టి ఒక నవల రాయవలసి ఉన్నది. పధ్నాలుగేళ్ళవాళ్ళకు అర్థమయ్యే తెలుగులో, తరిగొండ నేల మీద, మహిమలు లేకుండా, ఉపన్యాసాలు లేకుండా.